ఆరు వోల్టుల మాట

ఆ వీధిలో అందరూ ఆమెను దండలక్క అనేవారు. ఆమె కట్టేవి పూలదండలు కాదు, బల్బుల దండలు. పెళ్ళి హాళ్ళకీ, కొత్తగా తెరిచే దుకాణాలకీ వేలాడదీసే సీరియల్ సెట్లు ఆమె చేతిమీదే తయారయ్యేవి. ముందుగదిలో కిటికీ పక్కన చాప వేసుకుని కూర్చునేది. ఒక పక్క ఆకుపచ్చ వైరు చుట్ట, ఇంకో పక్క డబ్బా నిండా బుల్లి బల్బులు. వైరు కొస పంటితో ఒలవడం, బల్బు కాలికి మెలిపెట్టడం, టేపు చుట్టడం, మళ్ళీ వైరు, మళ్ళీ బల్బు. అలా ముప్ఫై ఎనిమిది బల్బులు కూర్చితే ఒక సెట్టు. పొయ్యిమీద కూర పడేసి వచ్చి కట్టేది, ఒంట్లో నలతగా ఉన్నా కట్టేది. ముప్ఫై ఎనిమిదే ఎందుకని ఎప్పుడూ అడగలేదు. తక్కువ కడితే బల్బులు తెల్లగా మండి తొందరగా మాడిపోతాయనీ, ఎక్కువ కడితే గుడ్డిగా వెలుగుతాయనీ మాత్రం తెలుసు. అంతకు మించి తెలుసుకోవలసిన అవసరం రాలేదు.

బజారు చివర ఉన్న లైటింగ్ షాపు ఆమె భర్తది. పనివాళ్ళు అతన్ని అన్నా అని పిలిచేవారు. మాటకారి. కసిరినా నవ్వుతూనే కసిరేవాడు, అందుకని ఎవరికీ కోపం వచ్చేది కాదు. అతను లైట్లు పెట్టాడంటే కార్యక్రమం అయ్యేదాకా ఒక్క దండ కూడా ఆరదని హాళ్ళ మేనేజర్ల దగ్గర ఒక పేరుంది. ఆ పేరంటే అతనికి ప్రాణం.

ఆ షాపులోనే ఆమె తమ్ముడు పనిచేసేవాడు. వాణ్ణి ఉడత అనేవారు. నిచ్చెన సరిగ్గా ఆనకముందే పైమెట్టు మీద ఉండేవాడు మరి. తండ్రి వాడి చిన్నప్పుడే పోయాడు. అమ్మా అక్కా కలిసి పెంచారు. ఆమెకు పెళ్ళయ్యాక అమ్మా వాడూ కూడా వచ్చి పెరటివైపు గదిలో సర్దుకున్నారు. వాడు నోరు మూసుకుని అరగంట ఉండలేడు.

"అక్కా, వీటికి సీరియల్ సెట్టని పేరు పెట్టినవాడు గొప్పోడే. టీవీ సీరియల్లాగే ఉంటాయి. ఒక్కడు పోతే చాలు, మిగతావాళ్ళందరూ మొహాలు మాడ్చుకుంటారు" అనేవాడు చాప పక్కన కూర్చుని బల్బులు అందిస్తూ.

"నీ మొహం. ఆ టేపు ఇలా పడెయ్" అనేది ఆమె.

ఒకరోజు సాయంత్రం పెద్ద హాల్లో పెళ్ళి. అతిథులు వచ్చి కుర్చీల్లో సర్దుకుంటున్నారు. వేదిక వెనక తెరమీద కట్టిన దండల్లో ఒకటి ఉన్నట్టుండి ఆరిపోయింది. బాగుచెయ్యడానికి ఉడత నిచ్చెనెక్కాడు. కాసేపటికి పైనుంచి కిందపడ్డాడు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది.

అక్కడ వరండాలో, పోలీసుల ముందూ చుట్టాల ముందూ భర్త చెప్పిన మాట ఆమె చెవుల్లో నిలిచిపోయింది. "సీరియల్ బల్బుకి ఉండేది ఆరు వోల్టులు. దానివల్ల ఎవరైనా పోతారా? పక్కనున్న మెయిన్ వైరు మీద చెయ్యేసి ఉంటాడు. మనవాడే గాని నిజం చెప్పాలి, వాడి దగ్గర మందు వాసన వచ్చింది."

ఆరు వోల్టులకి మనిషి పోడని అక్కడ అందరికీ తెలుసు. చేతిలో పట్టుకునే టార్చిలైటు కూడా అంతే ఉంటుంది. అలాంటప్పుడు తప్పు వాడిదే అయ్యుండాలి. వాడు అంతకు ముందెప్పుడో ఒక స్నేహితుడి పెళ్ళిలో సరదాకి తాగి తూలుతూ ఇంటికొచ్చాడు. ఆ ఒక్కరోజే ఇప్పుడు వాడికి పుట్టుమచ్చయి కూర్చుంది.

అందరికన్నా ఎక్కువ నమ్మింది తల్లి. ఎవరైనా పరామర్శకు వస్తే, "తాగుబోతు వెధవ, చేతులారా పోయాడు" అనేది. అలా అని, చెంగు నోట్లో కుక్కుకునేది. కొన్నాళ్ళకి వీధిలోకి రావడం మానేసింది. కొడుకు ఫొటో గోడమీంచి తీసి బట్టలపెట్టెలో అడుగున పెట్టింది. అల్లుడు ఎదురుపడితే తలుపు చాటుకు తప్పుకునేది. తన కొడుకు వల్ల అల్లుడికి మాట వచ్చిందని ఆవిడ సిగ్గు.

దండలక్క పని మానలేదు. అదే చాప, అదే కిటికీ. బల్బులు అందించే చెయ్యి మాత్రం లేదు.

ఇలా రెండేళ్ళు గడిచాయి. హాళ్ళలో లైట్లు కట్టాలంటే షాపుకు ఒకరి పేరుమీద పర్మిట్ ఉండాలని, దానికి కరెంటు పని శిక్షణ తరగతులకు వెళ్ళి పరీక్ష పాసవ్వాలని కొత్త నిబంధన వచ్చింది. భర్తకి చిరాకు. "ఈ వయసులో నేను బెంచీలెక్కాలా? నువ్వు పోయి కూర్చో. కాగితం చేతికొస్తే చాలు" అన్నాడు.

ఆమె వెళ్ళింది. ఒక పాత బడి పైకప్పు కింద పొడుగాటి బల్లలు, గోడకి స్విచ్చుబోర్డులు, నల్లబల్ల. మోటారు వైండింగు చేసేవాళ్ళు, ఫ్యాన్లు బాగుచేసేవాళ్ళు, అద్దె జనరేటర్లు తిప్పేవాళ్ళు వచ్చి కూర్చున్నారు. పాఠం చెప్పే మేడమ్ సన్నగా ఉండేది. కళ్ళద్దాలు తలమీదికి తోసి మరిచిపోయి, వాటికోసం బల్లంతా వెతికేది. రోజూ ఎవరో ఒకరు తమ పనిలోని వస్తువు పట్టుకురావాలి. దండలక్క వంతు వచ్చినప్పుడు టేపు వెయ్యని సెట్టొకటి కట్టుకుని రమ్మంది.

ఆ మధ్యాహ్నం మేడమ్ సెట్టుని బల్లమీద పరిచి ప్లగ్గు పెట్టింది. ముప్ఫై ఎనిమిదీ వెలిగాయి. మీటరు తీసి, దాని రెండు ముళ్ళూ ఒక బల్బుకి అటూ ఇటూ ఆనించింది. ఆరు. పక్క బల్బుకి పెట్టింది. ఆరుకి కాస్త ఎక్కువ. ఇంకోదానికి కాస్త తక్కువ.

"గోడలోంచి వచ్చేది ఎంత?" అని అడిగింది.

"రెండువందల ముప్ఫై" అన్నాడు వెనక బెంచీ మోటారు మనిషి.

"మరి ఒక్కో బల్బు దగ్గర ఆరే ఉందేంటి? మిగతాది ఎవరు మింగారు?"

మేడమ్ రెండు బల్బుల్ని కలిపి వాటి చివర్లకి ముళ్ళు పెట్టింది. పన్నెండు. మూడింటికి కలిపి పెట్టింది. పద్దెనిమిది. అలా జరుపుకుంటూ పోయింది. బల్బు పెరిగినకొద్దీ అంకె పెరిగింది. చిట్టచివరి బల్బుదాకా వెళ్ళేసరికి గోడలో ఉన్నదంతా మీటరులో ఉంది.

"ఒకదాని వెనక ఒకటి వరసలో కడితే వోల్టులు కూడుకుంటాయి. ఉన్నదాన్ని అందరూ పంచుకుంటారు, పంచుకున్నవన్నీ కూడితే మళ్ళీ ఉన్నదే రావాలి. ఎక్కడా ఒక్క వోల్టు గాల్లో కలిసిపోదు. అర్థమైందా?"

దండలక్క చెయ్యెత్తింది. ఆ తరగతిలో ఆమె నోరు విప్పడం అదే మొదలు. "అంటే మేడమ్, ఒక బల్బు పీకేసి, ఆ రెండు కొసలు పట్టుకుంటే... ఆరే కదండీ తగిలేది?"

"అందరూ అలాగే అనుకుంటారు" అంది మేడమ్. "చూడు."

ప్లగ్గు తీసి, మధ్యలోంచి ఒక బల్బు విప్పేసింది. రెండు కొసలూ దూరంగా జరిపి మళ్ళీ ప్లగ్గు పెట్టింది. దండ వెలగలేదు. మీటరు ముళ్ళు ఆ రెండు కొసలకీ ఆనించింది.

మీటరు రెండువందల ముప్ఫై చూపించింది.

"మధ్యలో తెగిపోయిందిగా, కరెంటు పారడం లేదు. పారనప్పుడు మిగతా బల్బులకి వాటా అక్కర్లేదు. కొళాయి కట్టేస్తే పైపులో ఒత్తిడంతా కొళాయి మూతి దగ్గరికొచ్చి నిలబడదా? అలా మొత్తం వోల్టులు వచ్చి ఈ సందులో నిలబడ్డాయి. చెరో చేత్తో చెరో కొస పట్టుకున్నామా, మనం వెళ్ళి బల్బు చోట్లో కూర్చున్నట్టు. ఇటు చేతిలోంచి గుండెమీదుగా అటు చేతిలోకి పోతుంది. ఆరిపోయిన దండే కదా అని పట్టుకుని పోయినవాళ్ళున్నారు."

"ఇంకొక్కసారి చూపిస్తారా మేడమ్" అంది దండలక్క.

మేడమ్ చూపించింది. అంకె మారలేదు. ఆ తరవాత ఏం చెప్పారో ఆమెకు వినబడలేదు.

ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా పొడుగాయన ఇంటికి వెళ్ళింది. షాపులో పాతకాపు అతను. ఆ రోజు హాల్లో నిచ్చెన పట్టుకున్నది అతనే. గుమ్మంలో కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు.

"ఆ రోజు నిచ్చెనెక్కే ముందు వాడితో మీ అన్న ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పండి."

పొడుగాయన సూది పక్కన పెట్టాడు. "ఇప్పుడెందుకు వదినా?"

"చెప్పండి."

"బావా, ప్లగ్గు పీకనా అని అడిగాడు ఉడత. పీకితే స్టేజీ మొత్తం చీకటైపోతుంది, జనం చూస్తున్నారు, ఆరు వోల్టుల బల్బురా అది, చీమ కుట్టినట్టు కూడా ఉండదు, ఎక్కు అన్నాడు అన్న. వీడు నవ్వుకుంటూ ఎక్కాడు. మాడిపోయిన బల్బు విప్పి కింద నా చేతిలోకి పడేశాడు. కొత్తది జేబులోంచి తీసి పళ్ళమధ్య పెట్టుకుని, రెండు కొసలూ దగ్గరికి లాగాడు. అంతే."

"మెయిన్ వైరు?"

"అది అవతల స్తంభం దగ్గరుంది వదినా, వాడికి అందేది కాదు. కానీ ఆరు వోల్టులకి మనిషి పోడు కదా. మా కంటికి కనబడకుండా ఎక్కడో తగిలుంటుందనుకున్నాం. అన్న చెప్పాడు, మేం నమ్మాం."

"మందు వాసన?"

అతను తల అడ్డంగా తిప్పాడు. "నాకైతే రాలేదు."

ఒక వారం ఆమె తనతో తనే వాదించుకుంది. తెలియక అన్నాడేమో. పొడుగాయనకీ తెలియదు, తనకీ నిన్నమొన్నటిదాకా తెలియదు. తెలియనితనం మనిషిని చంపుతుంది గాని, తెలియనివాణ్ణి హంతకుడనడం న్యాయం కాదు. అలా అనుకుంటున్న ఒకనాడు భర్త వరండాలో కూర్చుని పాత సెట్లు పరీక్షిస్తున్నాడు. ఒక దండ వెలగలేదు. అతను వంగి ప్లగ్గు పీకాడు. పీకిన ప్లగ్గుని తన మోకాలి ముందు కనబడేలా పెట్టుకున్నాడు. దానికేసి ఒకసారి చూశాడు. అప్పుడు బల్బు మీద చెయ్యేశాడు.

పెళ్ళయినప్పటినుంచీ అతను అలాగే చేస్తున్నాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆమె రోజూ చూసింది, ఎన్నడూ గమనించలేదు.

"ఆరు వోల్టులే కదండీ, ప్రతిసారీ ప్లగ్గు పీకడమెందుకు?" అంది ఆరేసిన బట్టలు మడతపెడుతూ.

అతను తలెత్తలేదు. "నీకు తెలీదులే. నీ పని నువ్వు చూసుకో."

తెలీదులే అన్నాడు. అంటే అతనికి తెలిసిన విషయం ఒకటుంది. వాదన అక్కడితో ముగిసింది.

తరవాతి రోజుల్లో ఆమె ఎప్పటిలాగే వండింది, వడ్డించింది. అతను మంచినీళ్ళు తాగుతున్నప్పుడు గొంతులో కదిలే ఎముకని చూస్తూ నిలబడేది. వరండాలో వైర్ల కుప్ప దగ్గర ఒలిచిన కొస ఒకటి వదిలేస్తే చాలు అనిపించింది, ఒకసారి కాదు. కానీ అలా పోతే అతనూ ప్రమాదంలో పోయినవాడే అవుతాడు. నలుగురూ వచ్చి అయ్యో అంటారు, ఎంత మంచివాడో అంటారు. ఆ అయ్యో కూడా అతనికి దక్కకూడదు. తన తమ్ముడికి దక్కనిది అతనికెందుకు దక్కాలి?

పరీక్ష పాసయింది. పర్మిట్ ఆమె పేరున వచ్చింది. భర్త దాన్ని అద్దాల చట్రంలో పెట్టించి షాపులో తగిలించాడు.

సోమవారం పొద్దున్న పనులు పంచుకోవడానికి అందరూ షాపులో చేరతారు. ఆ సోమవారం ఆమె తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆవిడ రానని మొండికేసింది గాని, "నాకోసం రా అమ్మా" అంటే వచ్చి గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంది. లోపల పొడుగాయన ఉన్నాడు, ఇంకా ఐదారుగురు ఉన్నారు. కొత్తగా చేరిన మనిషొకడు, అంతకుముందు గోడలకి రంగులేసేవాడు, నిచ్చెన తుడుస్తున్నాడు.

ఆమె సంచిలోంచి సెట్టు తీసి కౌంటరు మీద పరిచింది. మధ్యలో ఒక బల్బు లేదు. రెండు రాగి కొసలు జానెడు ఎడంగా ఉన్నాయి. అరల పక్కనున్న గోడకి ప్లగ్గు పెట్టి, స్విచ్చేసి ఇవతలికి వచ్చింది. దండ వెలగలేదు.

"ఏమైంది దీనికి?" అన్నాడు భర్త.

"ఒక బల్బు పోయింది. ఆ రెండు కొసలూ పట్టుకుని దగ్గరికి లాగండి, కొత్తది పెడతాను."

"ప్లగ్గు తియ్యి."

"ఎందుకండీ? ఆరు వోల్టులే కదా."

అతను నవ్వబోయాడు. చుట్టూ చూశాడు. అందరూ అతనివైపే చూస్తున్నారు. "పొద్దున్నే ఈ పరాచికాలేంటి? పనులున్నాయి."

"పరాచికం కాదు. చీమ కుట్టినట్టు కూడా ఉండదు అన్నారుగా మా తమ్ముడితో. ఆ చీమ ఎలా కుడుతుందో మా అమ్మకి చూపించండి. ఇదిగో, ఇది ఒక చేత్తో, అది ఒక చేత్తో."

"నీకేమైనా పిచ్చెక్కిందా?"

పెళ్ళయిన నాటినుంచీ ఆమె అతన్ని మీరు తప్ప ఇంకోలా పిలిచి ఎరగదు. ఇప్పుడు గొంతు పెంచకుండానే అంది. "పట్టుకో."

ఆమె ప్లాస్టిక్ ఉన్నచోట వైరు పట్టుకుని, రెండు కొసలూ అతనివైపు చాచింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు. వీపు అరకి తగిలి పైనున్న హోల్డర్ల డబ్బా కదిలింది. ఆమె ఆగలేదు. అప్పుడు అతని చెయ్యి పక్కకి పోయింది. ఎవరూ చెప్పకుండానే, చూడకుండానే, గోడ తడుముకుంటూ పోయి ప్లగ్గు పట్టుకుని పీకేసింది.

ప్లగ్గు పిడికిట్లో పెట్టుకుని అతను అలాగే నిలబడిపోయాడు.

"గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం వినడమే గాని, ఇవాళ చూశాను" అన్నాడు పొడుగాయన మెల్లగా.

దండలక్క సంచిలో మీటరు కూడా తెచ్చుకుంది. చూపించే పని పడలేదు.

గుమ్మం దగ్గర తల్లి లేచి నిలబడింది. వోల్టుల సంగతి ఆవిడకి తెలియదు. అల్లుడి చేతిలో ప్లగ్గు మాత్రం కనిపించింది. "అయితే నా కొడుకు తాగలేదన్నమాట" అంది. ఎవరినీ అడిగినట్టు లేదు. కొంగు నడుముకి దోపుకుని, తలుపు చాటు చూసుకోకుండా, అల్లుడు చూస్తుండగానే వీధిలోకి నడిచింది.

దండలక్క అంతటితో ఆగలేదు. పోలీస్ స్టేషనుకి వెళ్ళింది. అక్కడ కాగితాలు రాసుకున్నారు, రెండేళ్ళకి గుర్తొచ్చిందా అమ్మా అన్నారు, పిలుస్తామన్నారు, పిలవలేదు. సరే అనుకుంది. అద్దాల చట్రంలోంచి పర్మిట్ తీసుకుని, తల్లితో కలిసి రెండు వీధుల అవతల ఒక గదిలోకి మారింది. కింద చిన్న షాపు తీసింది. పొడుగాయన మర్నాడే వచ్చి నిచ్చెన గోడకి ఆనించాడు. మిగతావాళ్ళు వారంలోగా వచ్చారు. వాళ్ళలో రంగుల మనిషి అందరికన్నా ముందొచ్చాడు.

తరవాత ఆమె ఒక్కొక్క హాలుకీ వెళ్ళింది. మేనేజరు ముందు సెట్టు పరిచి, మీటరు పెట్టి, బల్బులు కూడి చూపించి, ఒక బల్బు పీకి చూపించి, తన తమ్ముణ్ణి ఎలా ఎక్కించారో చెప్పేది. వినకపోయినా చెప్పేది. ఏడ్చేది కాదు, అందుకని చివరికి వాళ్ళు వినేవారు. ఊళ్ళో అతనికోసం నిచ్చెనెక్కే మనిషి లేకుండా పోయాడు. ఎవరి పర్మిటో అద్దెకి తెచ్చుకుని, రెండు మూడు చిన్న పనులు పట్టుకుని, తనే ఎక్కేవాడు. దండ ఆరిపోయినప్పుడల్లా దిగి వచ్చి ప్లగ్గు పీకేవాడు. హాలంతా చీకటి. జనం ఈలలు వేసేవారు. అతను చీకట్లో తడుముకుంటూ మళ్ళీ ఎక్కేవాడు. ఒకసారి అతను పనిచేస్తున్న హాల్లోనే పక్క గదికి ఆమె లైట్లు కట్టించింది. ఈలలు వినబడితే పని ఆపి, గుమ్మంలోకి వచ్చి నిలబడి, లైట్లు వచ్చేదాకా చూసింది.

అతను ఒకసారి ఆడపడుచుని పంపాడు. ఆవిడ మంచి మనిషి. టీ తాగి, గ్లాసు చేతిలో తిప్పుతూ, "తప్పయిపోయిందంటున్నాడు వదినా. ఆ క్షణంలో జనం చూస్తున్నారన్న కంగారులో అనేశాడట. వాడు పోతాడని అనుకోలేదట. ఎన్నాళ్ళిలా?" అంది.

"తప్పు అన్నది ఆ క్షణంలో అయింది. సరే. మరి మా అమ్మ కొడుకుని తాగుబోతని రెండేళ్ళు రోజూ తిట్టుకుంటుంటే, పక్క గదిలో కూర్చుని విన్నాడు. అది ఏ కంగారు?"

ఆడపడుచు గ్లాసు కింద పెట్టింది. వెళ్ళేముందు గోడమీద ఉడత ఫొటోకేసి చూసి, "నవ్వుతూనే ఉండేవాడు" అంది. దండలక్క గుమ్మందాకా సాగనంపింది.

పొడుగాయన ఒకటి అడగాలని చాలాకాలం నోట్లో నానబెట్టుకున్నాడు. ఒకనాడు ఇద్దరూ కూర్చుని పాత సెట్లు విప్పుతున్నప్పుడు అడిగాడు. "వదినా, ఆ సోమవారం అన్న మొండికేసి పట్టుకునుంటే? నువ్వు స్విచ్చాపేసేదానివేనా?"

ఆమె మాడిపోయిన బల్బొకటి కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి డబ్బాలో పడేసింది.

"ప్లగ్గు ఆయన పక్కనే ఉందిగా. నాకు అందేది కాదు" అంది. పొడుగాయన విప్పిన సెట్టు పక్కకి జరిపాడు. ఆమె ఇంకో దండ ఒళ్ళోకి లాక్కుంది.